పరిశోధన ధనసహాయము: ఇంటర్వ్యూకు సన్నాహము

తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న మనవారి భాషను, వృత్తులను గూర్చి పరిశోధింప నుత్సహించు యువకులు, యువతులు మన కుటుంబములలో లేకపోలేదు. వారికి ధనసహాయ మొసగు సంస్థలును కలవు. 1969లో స్థాపితమైన భారత సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి అట్టివానిలో నొకటి. దరఖాస్తులలో మేలైనవానిని ఏరి, అభ్యర్థులను నిపుణుల సంఘము ఎదుటకు పిలిచి ప్రశ్నించుట ఇట్టి సంస్థల పద్ధతి. అక్కడ తడబడుటకు జ్ఞానలోపమే కారణము కానక్కరలేదు. విషయముపై గల ప్రేమనే వాదముగా భావించుటయు కారణము కావచ్చును.

ఒక ఉదాహరణము గైకొందము. షోలాపురమునందలి పద్మశాలీల చేనేత పదములను సేకరింప నొకరు తలపెట్టిరనుకొందము. మొదటి ప్రశ్న యిట్లుండవచ్చును: "భద్రిరాజు కృష్ణమూర్తిగారి చేనేత పదకోశము 1971లోనే వెలువడినది గదా! ఇక క్రొత్తగా చేయదగిన దేమి?" "మా తాతలు నేతగాండ్రు, ఈ పదములు నశింపరాదు" అనుట హృదయమును కదలించును గాని సమాధానము కాదు. "ఆ కోశమునకు పదములను ఆంధ్రప్రదేశ్ జిల్లాలనుండి సేకరించిరి. మరాఠీ నడుమ నిలిచిన తెలుగు పదము లేవి, మారిన వేవి యని నేను పరిశీలింతును. చేతిమగ్గము నెరిగిన వృద్ధు లుండగనే ఈ పని జరుగవలెను" అనుట సమాధానము. పూర్వుల కృషి ఆగినచోట తన పని మొదలగునని చూపవలెను.

రెండవ ప్రశ్న పద్ధతిని గూర్చినది. ఎందరిని, ఏ పేటలలో, ఎన్ని దినములు కలిసికొందురు? ముందుగానే నలుగురు వృద్ధులను కలిసి, పడుగు, పేక, నాడె, ఆసు మొదలుగా కొన్ని పదములు వ్రాసికొని పోయినవారికి ఈ ప్రశ్న కష్టము కాదు.

మూడవది లెక్క. ప్రతి పద్దునకు కారణము చెప్పగలుగవలెను. "సగమే యిచ్చిన నేమి చేయుదురు?" అని యడిగినచో, పని పరిమితిని తగ్గించి చెప్పవలెను. అంతపనియు సగము ధనముతోనే చేయుదుననినచో మొదటి లెక్క నమ్మదగినది కాదని తానే యొప్పుకొనినట్లగును.

నాలుగవది మనకు ప్రత్యేకమైనది: "మీవారిని మీరే పరిశోధించిన పక్షపాతము రాదా?" దీనికి కోపింపరాదు. చుట్టరికమువలన ఇండ్ల తలుపులు తెరచుకొనును. పక్షపాతమునకు విరుగుడుగా, చెప్పినవారి యనుమతితో ధ్వనిముద్రణలను భద్రపరచి, ఇతరులును విని సరిచూచుకొను నేర్పాటు చేయుదునని చెప్పవలెను.

ఇందు మన సంఘములు చేయదగిన సహాయ మొకటి కలదు. ఇంటర్వ్యూకు ముందొక సాయంకాలము ఒక వృద్ధ నేతగాడు, ఒక ఉపాధ్యాయుడు, లెక్కలు తెలిసిన యొకరు, తెలుగు రాని మిత్రు డొకరు కూర్చుండి ఆ యభ్యర్థిని నిర్మొగమాటముగా ప్రశ్నింపవలెను. తెలుగు రాని మిత్రునికి పడుగు అననేమో ఒక్క వాక్యములో బోధపరుపగలిగినవాడు నిపుణుల యెదుటను ధైర్యముగా మాటాడగలడు. సంఘమునకు దీనివలన వ్యయము లేదు. కలుగు ఫలమో, మన పెద్దల నోటి మాట గ్రంథస్థమగుట.