పాలు పడని కడుపు

ఒకే పంక్తిని కూర్చుండి పాలు త్రాగిన అన్నదమ్ములలో అన్నకు ఏ బాధయు ఉండదు. తమ్మునికి గంట రెండు గంటలలో కడుపుబ్బి, గుడగుడలాడి, విరేచనమగును. ఇంటివారు దీనిని వట్టి సాకని త్రోసివేయుట కద్దు. అది న్యాయము కాదు.

పాలలోని చక్కెర పేరు లాక్టోజు. చిన్నప్రేవు గోడలయందలి లాక్టేజు అను ఎంజైము దానిని విడగొట్టును. శైశవమున సమృద్ధిగా నుండు ఈ ఎంజైము పెక్కుమందికి వయస్సుతోపాటు తగ్గిపోవును. కొందఱికి ఏల తగ్గదు? రెండవ క్రోమోసోమునందు, లాక్టేజు జన్యువునకు సమీపమున, ఒకే ఒక్క అక్షరము మాఱుటయే కారణమని 2002లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు సూచించిరి. ఈ మార్పు మన దేశమున వాయవ్యమున హెచ్చు. దక్షిణమునకు, తూర్పునకు వచ్చుకొలది తక్కువ. తల్లిదండ్రులలో ఒకరినుండి సంక్రమించినను చాలును. కనుకనే అన్నకు అబ్బినది తమ్మునికి అబ్బకపోవచ్చును.

అయినను బాధ యెంత తీవ్రమగునో జన్యువొక్కటే నిర్ణయింపదు. జీర్ణము కాని లాక్టోజు పెద్దప్రేవునకు చేరి, అచ్చటి సూక్ష్మజీవులవలన పులిసి వాయువును పుట్టించును. ఆ సూక్ష్మజీవులు అందఱిలో ఒక్కతీరున ఉండవు. గ్లాసెడు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజు ఉండును. భోజనముతో పుచ్చుకొన్నచో అంతమాత్రమును పెక్కుమంది ఓర్చుకొందురు. పెరుగు మఱింత సులువు. తోడులోని సూక్ష్మజీవులే సగము పని చేసిపెట్టును గదా!

రక్తము పడుట, బరువు తగ్గుట, జ్వరము ఉన్నయెడల పాలను నిందించుచు కూర్చుండక వైద్యునికి చూపవలెను.