మీకు తెలుసా? ఫిజీ పల్లెలో అతిథి చేతిలో వేళ్ల కట్ట ఉండాలి

ఫిజీ దీవుల్లోని పల్లెలో ఎవరింట్లోనైనా బస చేయాలంటే పూలూ మిఠాయిలూ కాదు, ఎండబెట్టిన యంగోనా వేళ్ల కట్ట తీసుకెళ్లాలి. ఊరిపెద్ద ముందు చాప మీద కూర్చుని దాన్ని సమర్పించడమే ‘సేవుసేవు’. పెద్ద స్వీకరించాడంటే, వచ్చినవాళ్ల బాగోగులు ఊరు చూసుకుంటుందని అర్థం.

యంగోనాకే కావా అని మరో పేరు. మన తమలపాకు, మిరియం, ఇది... మూడూ పైపర్ ప్రజాతి మొక్కలే! తాంబూలమిచ్చి గౌరవించే తెలుగువారికి ఈ మర్యాద ఇట్టే అర్థమవుతుంది.

వేళ్లను పొడిచేసి, నీళ్లలో పిసికి, వడగట్టి ‘తనోవా’ అనే కాళ్లున్న చెక్కపాత్రలో ఉంచుతారు. కొబ్బరిచిప్ప అందుకునే ముందు అరచేతులు గుల్లగా పట్టి ఒక్క చప్పట కొట్టి, ‘బులా’ అని, ఒకే గుక్కలో తాగేయాలి. ఆ తర్వాత మూడు చప్పట్లు. మట్టివాసన, కొంచెం చేదు, నాలుకకు కాసేపు తిమ్మిరి. ఇందులో ఆల్కహాల్ ఉండదు.

ఊళ్లో టోపీ పెట్టుకోవడం తప్పు. ముద్దొచ్చినా సరే, పిల్లల తల నిమరకూడదు. తల పవిత్రమని అక్కడివారి నమ్మకం.

విందు రోజున గోతిలో రాళ్లు ఎర్రగా కాల్చి, ఆకుల్లో చుట్టిన చేపలు, మాంసం, చామదుంపలు పేర్చి, పైన మట్టి కప్పేస్తారు. ఈ వంటే ‘లోవో’. పొగవాసన పట్టిన ఆ దుంప రుచి చూడాల్సిందే!

1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఒప్పంద కూలీలుగా ఫిజీ చేరినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పుడు అక్కడి భారతీయ సంతతి ఇళ్లలోనూ కావా గిన్నె చుట్టూ కబుర్లు సాగుతుంటాయి.