నూనె స్నానమునకు ముందా, తరువాతా?

మార్గశిర మాసములో మల్దకల్ తిమ్మప్ప జాతరకు వచ్చు జనుల కాళ్లను గమనించినచో మోకాలి దిగువ చర్మము చాలమందిలో బూడిద చల్లినట్లు తెల్లబారి యుండును. దానిమీద గోటితో ఒక అక్షరము వ్రాసినచో, పలకమీద బలపముతో వ్రాసినట్లు తెల్లగా కనబడును. బడిపిల్లలు చలికాలమంతయు ఈ ఆట ఆడుచునే యుందురు. ఆ అక్షరముపై ఒక చుక్క కొబ్బరినూనె రాచినచో అది తక్షణమే మాయమగును. చర్మసంరక్షణకు కావలసిన శాస్త్రము చాలవరకు ఈ ఆటలోనే ఇమిడి యున్నది.

ఆ తెలుపు ఎక్కడిది? ఎండిన చర్మముపై పొర చిన్న చిన్న పొలుసులుగా లేచును. పొలుసుకు పొలుసుకు నడుమ గాలి చేరును. వెలుతురు గాలినుండి పొలుసులోనికి, పొలుసునుండి గాలిలోనికి పోవునప్పుడెల్ల దారి తప్పి అన్ని వైపులకు చెదరును. అట్లు చెదరిన వెలుతురే కంటికి తెలుపుగా తోచును. గాలి యున్న సందులలో నూనె నిండినచో ఈ చెదరుట ఆగిపోవును. ఏలయన, కాంతి నూనెలో వంగు తీరునకు, పొలుసులో వంగు తీరునకు భేదము స్వల్పము. నోటుపుస్తకపు కాగితముపై నూనె మరక పడినచోట అవతలి అక్షరములు కనబడుటకు కారణము కూడ ఇదియే. కనుక నూనె రాచిన వెంటనే చర్మము నున్నగా, నిగనిగలాడుచు కనబడుట కాంతి చేయు పని. బాగుపడినట్లు కనబడుట వేరు, బాగుపడుట వేరు.

బాగుపడవలసినది ఏది? చర్మము మీది పైపొర. పాదములలోను, అరచేతులలోను తప్ప దీని మందము మిల్లీమీటరులో సుమారు యాభయ్యవ వంతు మాత్రమే. క్రింద నున్న సజీవకణములు పుట్టి, పైకి జరిగి, చదునై, చచ్చి, ఈ పొరగా పేరుకొనును. కణము పుట్టినది మొదలు రాలిపోవువరకు నెల లేక అంతకు కొంచెము మించి పట్టును. 1983లో పీటర్ ఎలయాస్ అను అమెరికా చర్మవైద్యుడు ఈ పొరను ఇటుకగోడతో పోల్చెను. చచ్చిన కణములు ఇటుకలు. వాని నడుమ నున్న కొవ్వు పదార్థములు సున్నము. సెరమైడులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లములు కలిసి ఈ సున్నమైనవి. శరీరములోని నీరు ఆవిరియై పోకుండను, బయటి విషములు, సూక్ష్మజీవులు లోనికి రాకుండను కాపాడునది ఈ గోడయే. సున్నము కరిగినచో ఇటుకలు కదలును, నీరు పోవును, పొలుసు లేచును, దురద పుట్టును.

చలికాలపు గాలి నీటియావిరిని తక్కువగా మోయును. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో ఆ గాలికి ఆరుబయలు తోడగును. శరీరము తనంతట తాను కొంత తైలమును పుట్టించుకొనును గాని, అరచేతులలోను, అరికాళ్లలోను తైలగ్రంథులు బొత్తిగా లేవు. మోకాలి దిగువ చాల తక్కువ. పగుళ్లు మొదట మడమలకు, తెలుపు మొదట కాళ్లకు ఎందుకు వచ్చునో దీనివలన తెలియుచున్నది.

సబ్బు, నీరు

గోడలోని సున్నమును కరిగించు పనిని చాల ఇండ్లలో సబ్బే చేయుచున్నది. సబ్బు మురికిలోని జిడ్డును, చర్మములోని జిడ్డును వేరు చేసి చూడలేదు. రెంటిని పట్టుకొని నీటితో పోవును. ఇంకొక సంగతి కలదు. ఆరోగ్యముగా నున్న చర్మము పైభాగము కొంచెము ఆమ్లముగా, అనగా పి.హెచ్. 5కు దరిదాపుగా ఉండును. మామూలు సబ్బునీరు 9 లేక 10. పి.హెచ్. కొలబద్దపై ఒక్కొక్క మెట్టుకు పది రెట్లు భేదము గనుక, 5కు 9కి నడుమ భేదము పదివేల రెట్లు. స్నానమైన కొన్ని గంటలలో చర్మము తన ఆమ్లగుణమును తిరిగి తెచ్చుకొనును. కాని దినమునకు రెండు మూడు మార్లు ఒళ్లంతయు సబ్బుతో తోమువానికి ఆ వ్యవధి దొరకదు.

బోరు నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు ఎక్కువగా నున్నచో కష్టము రెట్టింపగును. ఆ లవణములు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారును. బకెట్టు అంచుకు పట్టిన తెల్లని జిగురు అదే. అది బకెట్టుకే గాక ఒంటికి కూడ పట్టును. కఠినజలముతో కడిగినచో సబ్బువంటి పదార్థములు చర్మముపై ఎక్కువగా నిలిచిపోవునని, అందువలన గోడ చెడునని ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమువారు పరీక్షించి చూపిరి. తరగతిలో దీనిని చూపుట సులభము. రెండు సీసాలలో బోరు నీరు పోసి, ఒకదానిలో సబ్బుముక్క, మరొకదానిలో కుంకుడుకాయ రసము వేసి ఆడించవలెను. కఠినజలమైనచో సబ్బునీరు విరిగినట్లగును. కుంకుడు నురుగు మాత్రము నిలుచును. కుంకుడులోని సాపోనినులు కాల్షియముతో తెట్టు కట్టవు. అట్లని కుంకుడు చర్మమునకు మెత్తనిదని భావించరాదు. అది కూడ జిడ్డును లాగును, కన్నులను మండించును.

సబ్బును మానవలసిన పనిలేదు, దాని చోటు తెలిసిన చాలును. చంకలు, గజ్జలు, పాదములు, చేతులు: ఇవి చెమట, మురికి నిలుచు తావులు. చేతులకు, కాళ్లకు, వీపునకు మట్టి అంటని దినమున నీరే చాలును. కొనునప్పుడు పైకాగితముపై టీ.ఎఫ్.ఎం. అను సంఖ్యను చూడవలెను. అది సబ్బులోని మొత్తము కొవ్వు పదార్థపు శాతము. భారత ప్రమాణముల ప్రకారము మొదటి తరగతి స్నానపు సబ్బులో అది 76కు, రెండవ తరగతిలో 70కి, మూడవ తరగతిలో 60కి తగ్గరాదు. సువాసనకు ఈ లెక్కలో చోటు లేదు. నీరు గోరువెచ్చగా నుండవలెను. పొగలు కక్కు నీరు చలికి హాయినిచ్చినను, జిన్నె అంటిన గిన్నెను వేడినీరు కడిగినట్లే చర్మపు కొవ్వును కడుగును.

నూనె ఎప్పుడు?

తెలుగు ఇండ్లలో తలంటు ఆచారము ప్రసిద్ధమే. నువ్వుల నూనె ఒంటికి పట్టించి, మర్దన చేసి, సున్నిపిండితో నలిచి, కుంకుడు రసముతో స్నానము చేయింతురు. మర్దనవలన ఒళ్లు తేలికపడును. నూనెకు మెత్తబడిన పొలుసులు నలుగుతో సుఖముగా రాలును. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. అయితే స్నానము ముగియుసరికి ఒంటిపై నూనె ఎంత మిగిలినది? పిండి పీల్చినంత పీల్చెను, కుంకుడు కడిగినంత కడిగెను. వచ్చినప్పుడు పొడిగా నున్న చర్మము పోవునప్పుడు మరింత పొడియైన ఆశ్చర్యము లేదు.

నూనెలో నీరు లేదు. చర్మమునకు నీటిని ఇచ్చుట దాని పని కాదు. ఉన్న నీటిని పోనీయకుండుట దాని పని. కనుక చర్మము నీరు త్రాగి యున్న వేళనే మూత వేయవలెను. స్నానమైన పిదప తువ్వాలుతో రుద్దక, అద్ది, ఒళ్లు ఇంకను చెమ్మగా నుండగనే, మూడు నాలుగు నిమిషములలోపల, ఒక్కొక్క కాలికి చిన్న చెంచాడు నూనె పలుచగా రాచిన చాలును. చేతులకు అంతకంటె తక్కువ. ఇదే నూనెను ఒక గంట తరువాత ఆరిన చర్మమునకు రాచినచో మెరుపు వచ్చును గాని, లోపల మూయుటకు నీరు అంతగా మిగిలి యుండదు. తలంటు మానలేని పెద్దలు గిన్నెలో ఒక చెంచాడు నూనెను స్నానము తరువాతకు అట్టిపెట్టుకొనిన చాలును. నూనె పాదములతో తడి బండపై నడువరాదు. ముసలివారి తుంటి ఎముక విరుగుటకు జారుడు ఒక కారణము.

ఏ నూనె మంచిది? నూనెలన్నియు సమానము కావు. షెఫీల్డువారే 2013లో ప్రకటించిన పరీక్షలో ఆలివు నూనె ముంచేతి చర్మపు గోడను చెరచినది. పొద్దుతిరుగుడు నూనె చెరచలేదు. దీని శక్తికి అంతకంటె గంభీరమైన సాక్ష్యము ఢాకాలోని శిశువైద్యశాలనుండి వచ్చినది. నెలలు నిండక పుట్టిన పసికందుల చర్మపు గోడ పూర్తిగా కట్టబడి యుండదు. సూక్ష్మజీవులు సులభముగా రక్తములోనికి చొరబడును. అక్కడ కొందరు శిశువులకు ప్రతిదినము పొద్దుతిరుగుడు నూనెను మృదువుగా పూయగా, పూయని వారికంటె వారిలో ఆసుపత్రిలో అంటు రోగములు 41 శాతము తగ్గినవని 2005లో ప్రకటించిరి. వంటింటి అలమారలోని నూనె ప్రాణమునకు అడ్డుపడినదన్నమాట. కొబ్బరినూనె కూడ పొడిచర్మమునకు ఖనిజతైలముతో సమానముగా పనిచేయునని ఫిలిప్పైన్సులో తేలినది. నూనెలకంటె గట్టిమూత వ్యాసలీను. ఛీజ్‌బ్రో అను అమెరికా రసాయనజ్ఞుడు దానికి 1872లో పేటెంటు పొందెను. అది ముక్కిపోదు, వాసన లేదు, చర్మము సాధారణముగా దానికి తిరుగబడదు. జిడ్డే దానిలోని లోపము. మడమల పగుళ్లకు దానికి మించిన చౌక మందు లేదు. రాత్రి పాదములను పావుగంట గోరువెచ్చని నీటిలో నాననిచ్చి, అద్ది, వ్యాసలీను దట్టించి, నూలు మేజోడు తొడుగుకొని పరుండవలెను.

పగుళ్లకు యూరియా కలిసిన క్రీములను కూడ వైద్యులు వ్రాయుదురు. యూరియా నీటిని పట్టి యుంచును, ఎక్కువైనచో గట్టిచర్మమును మెత్తబరచును. చేనిలో చల్లు యూరియా అణువు కూడ అదే గదా యని సంచిలోనుండి పిడికెడు తీయరాదు. ఎరువు ఒంటికి పూయుటకు శుద్ధి చేసినది కాదు. పైగా 2015నుండి మన దేశములో దానికి వేపనూనె పూత వేయుచున్నారు.

చేను, ఎండ, మందు

గద్వాల ప్రాంతము సంకర పత్తివిత్తనములకు పేరుపొందినది. మధ్యాహ్నము వేళ స్త్రీలు పత్తిమొగ్గను బొటనవేలి గోటితో చీల్చి, పుప్పొడి తిత్తులను తొలగించి, మరునాటి ఉదయము వేరొక రకపు పుప్పొడిని అద్దుదురు. ఆ చేలలోనే పురుగుమందులు కొట్టుదురు. ఇచ్చట చర్మపు గోడ అందచందముల విషయము కాదు. 1971లో అమెరికాలో పారాథియాన్ అను పురుగుమందును కొలిచి మనుష్యుల చర్మముపై ఉంచి చూచిరి. ముంచేతినుండి సుమారు 9 శాతము లోనికి పోయినది. నుదుటినుండి 36 శాతము. వృషణముల చర్మమునుండి దాదాపు అంతయు. మందు అంటిన చేతితో నుదుటి చెమట తుడుచుకొనుట ఎంత ప్రమాదమో ఈ అంకెలే చెప్పుచున్నవి. పగిలిన చర్మము, గోటిమొదట పుండు ఇంకను పెద్ద ద్వారములు. మందులు అనేకము కొవ్వులో కరుగును గనుక ఒంటికి నూనె రాచుకొని మందు కొట్టుటకు పోరాదు. తిరిగివచ్చిన వెంటనే బట్టలు మార్చి, వేరుగా ఉతికి, ఒళ్లంతయు సబ్బుతో కడుగుకొనవలెను. పైన చెప్పిన పొదుపు ఆ దినమునకు వర్తించదు. నూనె ఆ తరువాత.

ఎండకు నీడయే కొలబద్ద. నీడ మనిషికంటె పొట్టిగా నున్నంతసేపు సూర్యుని అతినీలలోహిత కిరణములు తీవ్రముగా నుండును. మల్దకల్ ఉత్తరాన సుమారు 16 డిగ్రీల అక్షాంశముపై నున్నది గనుక మే మొదటి వారములోను, ఆగస్టు రెండవ వారమునకు దరిదాపులలోను మిట్టమధ్యాహ్నము నీడ కాలిక్రిందనే దాగును. చామనచాయలోని మెలనిన్ కొంత కాపాడును, అంతయు కాపాడదు. పూర్తిచేతుల రవికెయు, తలగుడ్డయు ఏ క్రీముకును తీసిపోవు.

ఇంటి సంరక్షణకు హద్దు కూడ కలదు. గజ్జలలోనో నడుమునో గుండ్రని అంచుతో వ్యాపించు ఎర్రని దురద తామర. అది శిలీంధ్రము పని. దీనికి అంగడిలో అడిగి తెచ్చుకొను కలగలుపు క్రీములు అనేకములలో స్టీరాయిడ్ ఉండును. స్టీరాయిడ్ దురదను మూడు దినములలో అణచును, రోగి సంతోషించును. కాని దురదను అణచునది శరీరపు పోరాటమును కూడ అణచును గనుక శిలీంధ్రము నిర్భయముగా వ్యాపించును. నెలల తరబడి పూసినచో చర్మము పలుచనై చారలు పడును. ఆ చారలు చెరగవు. 2018 మార్చిలో భారత ప్రభుత్వము 14 రకముల పైపూత స్టీరాయిడులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించినది. టెర్బినఫిన్ అను ప్రసిద్ధ మందుకు లొంగని తామర జాతియొకటి మన దేశములో విస్తరించినది. 2020లో దానికి భారతదేశపు పేరుమీదనే ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిరి. తామర వచ్చిన వాని తువ్వాలును ఇంకొకరు వాడరాదు. బట్టలు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. మందు వైద్యుడు చెప్పిన గడువు వరకు వాడవలెను.

దురద లేని మచ్చ మరింత అనుమానింపదగినది. రంగు తగ్గి, తాకినను తెలియని మచ్చ కుష్ఠు కావచ్చును. కన్నులు మూయించి దూదిపోగుతో తాకి, తగిలినచోటును చూపుమన్నచో చాలవరకు బయటపడును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మందు ఉచితము. ఆరు నెలలు లేక పన్నెండు నెలలు వాడినచో నయమగును. చేతులు వంకరలు పోవుట, వ్రేళ్లు అరుగుట ఆలస్యము చేసినవారికి వచ్చు కష్టములు.

మల్దకల్ వంటి ఊరి పాఠశాలలో పుష్యమాసమున చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ఒక్కొక్క విద్యార్థి కుడికాలికి స్నానమునకు ముందు, ఎడమకాలికి స్నానమైన మూడు నిమిషములలోపల, ఒకే నూనె, ఒకే చెంచాతో కొలిచి రాయవలెను. నీరు, సబ్బు రెండు కాళ్లకును ఒకటే. ఇట్లు పదునాలుగు దినములు జరిపి, పదునైదవ దినమున ఏమియు రాయక బడికి రావలెను. ఏ కాలికి ఎప్పుడు నూనె రాచిరో తెలియని ఇంకొక తరగతి పిల్లవానిని పిలిచి రెండు కాళ్లమీదను గోటితో ఒకే అక్షరము వ్రాయించి, ఏది ఎక్కువ తెల్లగా నున్నదో చెప్పించి, ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క వ్రాయవలెను.