గెలాక్సీ చిమ్మే ఎక్స్‌రే ధార

1999 ఆగస్టు. అంతకు కొద్దివారాల ముందే కొలంబియా షటిల్ అంతరిక్షంలో వదిలిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపుకు ఫోకస్ సరిచూడాలి. అందుకు చుక్కలా కనిపించే వస్తువు కావాలి. శాస్త్రవేత్తలు పీకేఎస్ 0637-752 అనే క్వేజార్‌ను, అంటే దేదీప్యమానంగా వెలిగే ఒక గెలాక్సీ కేంద్రాన్ని ఎంచుకున్నారు. దాని వెలుగు మనల్ని చేరడానికి దాదాపు 600 కోట్ల ఏళ్లు పట్టింది. తీరా చూస్తే అది ఒట్టి చుక్క కాదు. పక్కనుంచి సన్నటి ఎక్స్‌రే ధార ఒకటి లక్షల కాంతి సంవత్సరాల పొడవున సాగి ఉంది!

ఆ ధారనే జెట్ అంటారు. గెలాక్సీ నడిబొడ్డున ఉన్న మహా కృష్ణబిలం చుట్టూ సుడి తిరిగే పదార్థంలో కొంత లోపలికి పడిపోకుండా, అయస్కాంత క్షేత్రాల బలంతో రెండు దిక్కులకూ దాదాపు కాంతివేగంతో ఎగజిమ్ముతుంది. ఎం87 గెలాక్సీలో ఇలాంటి తిన్నని గీతను హెబర్ కర్టిస్ 1918లోనే గమనించాడు.

గెలాక్సీ దాటిన ధార చివరకు బయటి పలచని వాయువును ఢీకొని, గోడకు తగిలిన పైపు నీళ్లలా చెదురుతుంది. ఆ తాకిడి చోటే హాట్ స్పాట్. సిగ్నస్ ఎ అనే గెలాక్సీ నుంచి వచ్చే రేడియో తరంగాలకు మూలం ఒకటి కాదని, ఎడంగా ఉన్న రెండు ప్రాంతాలని 1953లో ఇంగ్లండ్‌లో తేల్చిన ఇద్దరిలో ఒకరు భారతీయుడు, మృణాల్ కుమార్ దాస్‌గుప్తా. మరొకరు రోజర్ జెనిసన్. ఆ రెండు ప్రాంతాల అంచుల్లోని హాట్ స్పాట్‌లు ఎక్స్‌రేల్లోనూ మెరుస్తాయి. రేడియో తరంగాలను పుట్టించే ఎలక్ట్రాన్లే మళ్లీ ఆ తరంగాలను ఢీకొని, వాటి శక్తిని ఎక్స్‌రేల స్థాయికి పెంచుతున్నాయి. ఇక్కడ లెక్క చక్కగా కుదిరింది.

జెట్ల దగ్గరే చిక్కు. మహావిస్ఫోటనం నుంచి మిగిలిన మైక్రోవేవ్ వెలుగును ఎలక్ట్రాన్లు ఎక్స్‌రేలుగా మారుస్తున్నాయని మొదట చాలామంది నమ్మారు. అదే నిజమైతే గామా కిరణాలు కూడా దండిగా రావాలి. 2008లో ఎగిరిన ఫెర్మి గామా కిరణ టెలిస్కోపు ఏళ్ల తరబడి చూసినా, పీకేఎస్ 0637-752 జెట్ నుంచి రావలసినంత గామా వెలుగు కనిపించలేదు.

మిగిలిన దారి సింక్రోట్రాన్ వికిరణం. అంటే అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరిగే ఎలక్ట్రాన్లే నేరుగా ఎక్స్‌రేలు వెదజల్లడం. ఈ సమాధానం మరింత ఆసక్తికరం. అంతటి శక్తి గల ఎలక్ట్రాన్లు కొన్నేళ్లలోనో, దశాబ్దాల్లోనో నీరసించిపోతాయి. ప్రయాణమేమో లక్షల ఏళ్లది. కాబట్టి కృష్ణబిలం దగ్గర ఒకసారి అందిన ఊపు చాలదు, దారి పొడవునా కొత్త ఊపు అందుతూనే ఉండాలి.

ఎం87 జెట్‌లోని హెచ్‌ఎస్‌టీ-1 అనే ముడి ఇందుకు సాక్ష్యం. 2000-2005 మధ్య దాని ఎక్స్‌రే వెలుగు దాదాపు 50 రెట్లు పెరిగి, తర్వాత తగ్గింది. ఆ ఊపు ఆఘాత తరంగాలదా, తెగి అతుక్కునే అయస్కాంత రేఖలదా అన్నదానిపై చర్చ సాగుతోంది. మనవైపే గురిపెట్టిన మార్కేరియన్ 501 అనే గెలాక్సీ జెట్‌ను ఐఎక్స్‌పీఈ అనే ఎక్స్‌రే ఉపగ్రహం పరిశీలించగా, 2022లో వెలువడిన ఫలితాలు ఆఘాత తరంగాలవైపు మొగ్గాయి. అయితే అది కృష్ణబిలానికి దగ్గర్లోని సంగతి. లక్షల కాంతి సంవత్సరాల అవతల పీకేఎస్ 0637-752 ధారలోనూ అదే జరుగుతోందా అన్నది ఇంకా తేలాల్సి ఉంది.