కోలారు నుంచి క్యాసంబళ్ళి దాకా: రాయి కడుపున దాచిన చరిత్ర

కోలారు నుంచి బంగారపేట, బంగారు గనుల ఊరు కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) మీదుగా క్యాసంబళ్ళికి వెళ్ళే దారి కర్ణాటక తూర్పు అంచున, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న మెట్ట సీమలో సాగుతుంది. ఏడాది పొడవునా పారే ఏరు ఇక్కడ ఒక్కటీ లేదు. వాన కురిస్తే చెరువులు నిండుతాయి, లేకుంటే రాగి చేలు ఎండుతాయి. దారి పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, వాటి సందుల్లో తుప్పలు, గుట్టల దిగువన మామిడి తోటలు, టమాటా మళ్ళు కనిపిస్తాయి. అరపూటలో ముగిసే ఈ ప్రయాణంలో సీమ కథంతా రాయి చుట్టూనే తిరుగుతుంది.

అంతరగంగె

కోలారు గంగరాజుల తొలి రాజధాని. ఊళ్ళోని కోలారమ్మ గుడిలో చోళుల శాసనాలున్నాయి. ఊరిని ఆనుకుని శతశృంగ పర్వతాలు. మెట్లెక్కి వెళితే కాశీ విశ్వేశ్వరుడి గుడి, దాని ముందు కోనేరు. రాతి బసవన్న నోట్లోంచి సన్నటి ధార ఆ కోనేట్లో పడుతుంటుంది. ఎక్కడ పుట్టిందో కంటికి కనబడని నీరు కాబట్టే దానికి అంతరగంగె అని పేరు.

బంగారపేట, బూదికోట

బంగారపేటకు పాత పేరు బౌరింగ్‌పేట. మైసూరు కమిషనర్ లెవిన్ బౌరింగ్ పేరున వెలసిన ఊరిది. గనుల కోసం 1894లో ఇక్కడి నుంచి మారికుప్పానికి రైలు మార్గం వేశారు. దారి కాస్త మళ్ళితే హైదర్ అలీ పుట్టిన బూదికోట వస్తుంది. కేజీఎఫ్ వైపు సాగితే కమ్మసంద్రంలో కోటిలింగేశ్వర క్షేత్రం. అక్కడి పెద్ద లింగం ఎత్తు 108 అడుగులు.

బంగారు గనులు

కేజీఎఫ్ దగ్గర పడుతుండగా గుండ్ల గుట్టల మధ్య చెట్టూచేమా అంతగా లేని బూడిదరంగు దిబ్బలు ఎదురవుతాయి. అవి కొండలు కావు. రాయిని పిండిచేసి, సయనైడుతో బంగారం తీశాక మిగిలిన మట్టి. వాన చారలు పడిన ఆ దిబ్బలు గాలి రేగితే దుమ్మెత్తి కాలనీల మీద పోస్తాయి.

పల్లెవాళ్ళు మట్టి కడిగి బంగారం తీయడాన్ని 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ చూసి రాసిపెట్టాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ వచ్చాక గనులు లోతుకు దిగాయి. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల తీగ లాగి వీటికి కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి దిగింది. ఆ లోతులో రాయే సెగలు కక్కుతుంది, ఒత్తిడికి ఒక్కసారిగా పగిలి మీద పడుతుంది. తమిళ, తెలుగు సీమల నుంచి వచ్చిన కూలీలు, వారిలో ఎక్కువగా దళితులు, అక్కడే తరతరాలు పనిచేశారు. ఆ లోతే విజ్ఞానానికీ అక్కరకొచ్చింది: 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ ఈ గనిలో దొరికింది. సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

దగ్గర్లోని పెద్దపల్లిలో అగ్నిపర్వత శిలలు జాతీయ భూగర్భ స్మారకంగా రక్షణలో ఉన్నాయి. వాటిలో దిండు ఆకారపు లావా ఉంది. లావా నీటి అడుగున ఎగదన్ని చల్లారితేనే ఆ ఆకారం వస్తుంది. నీటికి కటకటలాడే ఈ సీమ కోట్లాది ఏళ్ళ కిందట నీటి అడుగున ఉందనడానికి ఆ రాయే సాక్ష్యం.

క్యాసంబళ్ళి

కేజీఎఫ్ తాలూకాలో క్యాసంబళ్ళి ఒక హోబళి (తాలూకాలోని రెవెన్యూ విభాగం) కేంద్రం. ఈ చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. 1902లో ఇక్కడ పుట్టిన చెంగలరాయరెడ్డి మైసూరు స్వాతంత్ర్య పోరాటంలో ముందు నిలిచారు. 1947 అక్టోబరులో మైసూరు రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు, ఆ తరవాత కేంద్రమంత్రిగా, మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. ఆయనకు వాడుకలో ఉన్న కె.సి. రెడ్డి అన్న పేరులోని మొదటి అక్షరం ఈ ఊరిదే.