ట్రక్కు ఎక్కే ముందు

కొల్లేటి గట్టున ఒక పల్లె. ఆ ఊరి ఆడవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చిన తిరుపతి బయలుదేరుతున్నారు. చిన తిరుపతి అంటే ద్వారకా తిరుమల. ఏలూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. బియ్యం, గిన్నెలు, కట్టెలు, పిల్లలు, ముసలివాళ్లు. అందరికీ కలిపి ఒక ట్రాక్టరు మాట్లాడారు.

"ఈ ట్రక్కులో 30 మందిమి పడతామా అబ్బాయ్?" అని ఒక పెద్దావిడ అడిగింది.

"సర్దుకుంటే పడతారు పెద్దమ్మా. ఏం కాదు" అన్నాడు డ్రైవరు.

నిజంగా ఏమీ కాదా? ఆలోచిద్దాం.

2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. పొద్దున్నే పనికి వెళ్లారు. తిరిగి ఇంటికి రాలేదు. మన వైపు కూడా రోడ్డు పక్కనే కాలువలు, చేపల చెరువులు ఉన్నాయి. గట్టు రోడ్లు ఇరుకు.

ట్రక్కు ఎందుకు బోల్తా పడుతుంది?

ట్రాక్టరుకు బ్రేకులు ఉంటాయి. చాలా ట్రక్కులకు ఉండవు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే ట్రాక్టరు ఆగబోతుంది. వెనుక ట్రక్కు ఆగదు. దాని బరువంతా ట్రాక్టరును ముందుకు నెడుతుంది. అప్పుడు రెండూ మెలి తిరిగి పడిపోతాయి. వంతెన దిగేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ.

మనుషులు నిలబడినా, అంచుల మీద కూర్చున్నా బరువు పైకి చేరుతుంది. ఎత్తుగా గడ్డి వేసిన బండి ఎలా ఒరుగుతుందో ట్రక్కు కూడా అలాగే ఒరుగుతుంది.

ట్రక్కు సరుకు మోసే బండి. మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు రావడం కూడా కష్టం.

మరి ఎలా వెళ్లాలి? సామాను ట్రక్కులో వెళ్లాలి. మనుషులు బస్సులో వెళ్లాలి. ఎక్కువ మంది ఉంటే ఆర్టీసీ డిపోలో బస్సు అద్దెకు ఇస్తారు. తలా కొంత వేసుకోవచ్చు.

సామాను ట్రక్కు బయలుదేరే ముందు ఇవి చూడాలి:

1. డ్రైవరుకు లైసెన్సు ఉందా? అడిగి చదవండి. తాగి ఉంటే బండి కదలనివ్వకండి.

2. ట్రాక్టరుకు, ట్రక్కుకు మధ్య పిన్ను గట్టిగా ఉందా? పిన్ను ఊడినా పట్టి ఉంచేలా గొలుసు వేశారా?

3. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో విడిగా తొక్కుతారు. రోడ్డు మీద రెండూ కలిపి బిగించాలి. లేకపోతే బండి ఒక పక్కకు తిరిగిపోతుంది.

4. టైర్లలో గాలి సరిగా ఉందా? పగుళ్లు ఉన్నాయా?

5. బరువు అంతా వెనక్కి వేయకూడదు. వేస్తే ట్రక్కు ఊగుతుంది. బరువైనవి అడుగున, కొంచెం ముందుకు సర్ది తాడుతో కట్టాలి.

6. వెనుక ఎర్ర లైటు వెలుగుతోందా? చీకట్లో లైటు లేని ట్రక్కు లారీ డ్రైవరుకు కనబడదు. పగలే వెళ్లి పగలే రావడం మంచిది.

7. ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎవరూ కూర్చోకూడదు.

దారిలో ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయండి. ఊరి పేరు, దగ్గరలో ఉన్న గుడో, వంతెనో చెప్పండి. గాయపడినవాళ్లకు సాయం చేసేవాళ్లను ఎవరూ ఇబ్బంది పెట్టకూడదు. 2019లో ఈ మాట చట్టంలోనే చేర్చారు.

ఈ మాటలన్నీ విని ఆ పెద్దావిడ పిల్లలను ట్రక్కు దించింది.

"బియ్యం బస్తా పడితే మళ్లీ కొనుక్కుంటాం అబ్బాయ్. బిడ్డ పడితే ఎక్కడ కొంటాం?" అంది.

డ్రైవరు ఇంక మాట్లాడలేదు. పిన్ను చూడడానికి కిందకు దిగాడు.

మీ ఊరి నుంచి నాట్లకు, జాతరకు ఎలా వెళ్తున్నారు? మీ గుంపులో మాట్లాడుకోండి.