పదిహేడుకి రెండు నెలల ముందు

పోయినేడు అక్టోబరులో ఒక మధ్యాహ్నం. స్కూలు నుంచి పిల్లల్ని తీసుకురావడానికి బయల్దేరుతుంటే ఫోను మోగింది.

"అక్కా, బాబు బ్యాగులో వేప్ పెన్ను దొరికిందట. అందులో టీహెచ్‌సీ ఉందంటున్నారు. పోలీసు కూడా వచ్చాడట. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

ఆ పిల్లాణ్ణి నేను ఎలిమెంటరీ స్కూలు రోజుల నుంచీ చూస్తున్నాను. మా ఇంట్లో పులిహోర తిని పెరిగినవాడు. వాళ్ల అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇది రాస్తున్నాను. మా ఫ్రిస్కోలో మనమంతా ఎస్ఏటీ స్కోర్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం కానీ, ఈ విషయం ఎవరూ ఎత్తరు.

ఆ రాత్రి లాయరు చెప్పాక మాకు మొదటిసారి తెలిసిన సంగతులు రెండు. ఒకటి, టీహెచ్‌సీ నూనె ఉన్న వేప్ పెన్ను టెక్సాస్‌లో చిన్న తప్పు కాదు, ఫెలనీ. రెండు, ఇక్కడ జువెనైల్ కోర్టు పరిధి 10 ఏళ్ల నుంచి 17 నిండేవరకే. 17 నిండాక చేసిన నేరానికి చట్టం దృష్టిలో పెద్దవాడే. బాబుకి 17 రావడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలే కాపాడాయి.

కేసు కోర్టుదాకా వెళ్లకుండా ఆరు నెలలు ప్రొబేషన్ ఆఫీసు పర్యవేక్షణలో ఉంచారు. మొదటి మీటింగుకి మా చెల్లెలు (అలాగే పిలుస్తాను) వణుక్కుంటూ వెళ్లింది. ఆ ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గంటలు నిద్రపోతున్నావు?" రెండోది, "రాత్రి భోజనం ఎవరితో చేస్తావు?" బాబు తలొంచుకుని, "రూములో, ఒక్కడినే" అన్నాడట. అక్కడే వాళ్లమ్మకి ఏడుపు ఆగలేదు.

నేను చదివింది బీఎస్సీ జువాలజీ. ముందూ వెనకా ఆలోచించి నిర్ణయం తీసుకునే మెదడు ముందుభాగం ఇరవైలు సగం దాటేదాకా ఎదుగుతూనే ఉంటుందని తెలుసు. కానీ ఒక ప్రొబేషన్ ఆఫీసరుకి ఆ సంగతి తెలిసి, దాన్నిబట్టి ప్రశ్నలడగడం చూసి ఆశ్చర్యపోయాను. అది అనుకోకుండా జరిగింది కాదు, నేర్పిస్తే వచ్చింది.

టెక్సాస్ ఈ పాఠం చాలా కష్టంగా నేర్చుకుంది. 2007లో రాష్ట్ర బాలనేరస్థుల సంస్థల్లో పిల్లల మీద సిబ్బందే అత్యాచారాలు చేశారని బయటపడింది. చిన్న నేరాలకు పిల్లల్ని అక్కడికి పంపకూడదని ఆ ఏడాదే చట్టం చేశారు. 2011లో పాత శాఖల్ని రద్దు చేసి కొత్త శాఖ పెట్టారు. 2015లో బడి ఎగ్గొట్టడాన్ని నేరాల జాబితాలోంచి తీసేశారు. జరిమానాతో పోయే చిన్న తప్పులకు కేసు బదులు కౌన్సెలింగు లాంటి దారి చూపే ప్లాను ప్రతి మున్సిపల్, జస్టిస్ కోర్టుకీ ఉండాలని 2023లో ఇంకో చట్టం వచ్చింది. అది 2025 జనవరి నుంచి అమల్లో ఉంది.

ఇన్ని చేసినా, రాష్ట్ర జువెనైల్ కేంద్రాల్లో పిల్లల హక్కులకు భంగం కలుగుతోందని 2024 ఆగస్టులో ఫెడరల్ న్యాయశాఖ తేల్చింది. శాఖ పేరు మారినంత తేలిగ్గా మనుషులు మారరు.

అందుకే నడిపించేవాళ్లకే శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో 2007లో జువెనైల్ జస్టిస్ సంస్కరణల కోసం ఒక సెంటరు మొదలైంది. వివిధ శాఖల అధికారులు జట్టుగా వచ్చి అక్కడ చదువుతారు. తిరిగి వెళ్లాక తమ ఊళ్లో ఒక మార్పు ప్రాజెక్టుగా చేసి చూపించాలి. సర్టిఫికెట్టు గోడకి తగిలించుకుని ఊరుకుంటే కుదరదు.

మన దేశంలోనూ ఇలాంటిది ఉందని మనలో ఎంతమందికి తెలుసు? 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వాళ్లలో ఒకరైనా మహిళ ఉండాలి. నియమించిన 60 రోజుల్లోపు అందరికీ, మేజిస్ట్రేటుతో సహా, శిక్షణ ఇవ్వాలి. పిల్లల విషయంలో న్యాయశాస్త్రం ఒక్కటే చాలదని ఆ చట్టమే ఒప్పుకుంది.

మరి మనం ఏం చేయగలం? ముందు 17 సంగతి, వేప్ సంగతి ఈ వారాంతమే పిల్లలతో కూర్చుని చెప్పండి. భయపెట్టడానికి కాదు, తెలియడానికి. పోలీసు ప్రశ్నిస్తే మర్యాదగా, "అమ్మానాన్నా, లాయరూ వచ్చాక మాట్లాడతాను" అనమనండి. లాయరు, మౌనంగా ఉండే హక్కు పిల్లలకీ ఉన్నాయని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. మీ ఊళ్లో టీన్ కోర్టు ఉందేమో కనుక్కోండి. అక్కడ పిల్లలే జ్యూరీగా, లాయర్లుగా ఉంటారు. పెద్దవాళ్లకి వాలంటీర్లుగా చోటుంటుంది. 1983లో మన టెక్సాస్‌లోని ఒడెస్సాలో మొదలైన టీన్ కోర్టే చాలా ఊళ్లకి నమూనా అయింది.

బాబు ఆరు నెలలూ పూర్తి చేశాడు. ఇప్పుడు వాళ్లింట్లో రాత్రి ఎనిమిదికి నలుగురూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటున్నారు. మా ఇంట్లోనూ అదే పద్ధతి మొదలుపెట్టాం. మొదటి వారం మా పెద్దాడు ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పుడు కూర ఏమిటని వాడే ముందుగా వచ్చి అడుగుతున్నాడు.